బెర్గెను రేవులో నొక పగలు



సముద్రయానమును గూర్చి వ్రాయుమని మన చదువరులలోఁ గొందఱు నన్నడిగియున్నారు. ఓడలోని విందులను, ఆటపాటలను వర్ణించువారు పెక్కుమంది గలరు. నే నా పని చేయను. ఆ ప్రయాణమున నొక్క పగలు మాత్రము నేలమీఁదఁ గాలు మోపి చూచిన యొక యూరిని గూర్చి వ్రాయుదును. ఏలయన నా యూరఁ దెలిసికొన్న సంగతులలో రెండు, స్త్రీలమైన మనమందఱము మనసునఁ బెట్టుకొనఁదగినవి. ఓడవారు మాకుఁ బంచిపెట్టిన కాగితమున నా రెంటిని గూర్చి యొక్క మాటయు లేదు.

మా తమ్ముఁడు జర్మనీదేశమున హాంబర్గు నగరమున నుద్యోగము చేయుచున్నాఁడు. వేసవిసెలవులలో మావారిని, నన్నుఁ దన యొద్దకుఁ బిలిపించుకొని, నార్వే తీరమున కేఁగు విహారనౌకలో మాకుఁ జీట్లు కొనిపెట్టెను. మావారు బడిపంతులు. పదునైదేండ్లుగాఁ బిల్లలకు భూగోళము చెప్పుచున్నారు. గోడకు వ్రేలాడు పటముమీఁద బెత్తముతోఁ జూపిన యూరిని గన్నులారఁ జూచుట వారికదియే మొదలు. హాంబర్గులో సాయంకాలమోడ యెక్కి, ఎల్బునది వెంబడి సముద్రముఁ జేరి, ఒక పగలును రెండు రాత్రులును నీటి నడుమఁ గడపి, మఱునాఁటి యుదయమున బెర్గెను రేవుఁ జేరితిమి.

ఈ యూరు నార్వేదేశపుఁ బడమటితీరమున, భూమధ్యరేఖ కుత్తరముగా 60 డిగ్రీల దగ్గఱ నున్నది. మన విశాఖపట్టణము 18 డిగ్రీలలోపలనే యున్నదని తలంచుకొన్నచో నెంత యుత్తరమునకుఁ బోయితిమో తెలియఁగలదు. అయినను శీతకాలమున నీ రేవు గడ్డకట్టదు. దక్షిణమునుండి యట్లాంటికు సముద్రము మీఁదుగా వచ్చు వెచ్చని ప్రవాహము దానిని గాపాడుచుండును. ఆ వెచ్చదనముతోడనే మేఘములును వచ్చును. ఊరిచుట్టు నున్న యేడు కొండలు వానిని బట్టి నిలుపును. అందుచే నేఁటికి 200 దినములకుఁ బైగా నక్కడ వాన కురియును. మేము దిగినప్పుడును జల్లు పడుచునే యుండెను. జూను నెల కావునఁ బగటిపొద్దు పందొమ్మిది గంటలుండును. రాత్రి భోజనమైన తరువాతఁ గూడఁ దీపము లేక చదువుకొనవచ్చును.

ఓడ కట్టిన చోటనే ప్రాఁత కోట గలదు. అందు హాకన్ అను రాజు 13వ శతాబ్దమునఁ గట్టించిన రాతిసభాభవనము నిలిచియున్నది. 1261లో నాతని కుమారుఁడగు మాగ్నసునకు డెన్మార్కు రాచకూఁతురగు ఇంగెబోర్గుతో వివాహ మందే జరిగెనఁట. ఆ కాలమున బెర్గెనే నార్వేకు ముఖ్యపట్టణము. ఈ భవనము 1944 ఏప్రిలు 20వ తేదిని సగము కూలిపోయినది. రేవులో నిలిచియున్న మందుగుండుసామాను పడవ యొకటి ప్రేలి, ఆ చుట్టుపట్ల నిండ్లెన్నియో నేలఁగూలెను. సరిగా నాఱుదినములకు ముందు, అదే నెల 14వ తేదిని, మన బొంబాయి రేవులోను మందుగుండు నింపిన యోడ యొకటి ప్రేలి వందలకొలఁది జనుల బలిగొన్నది. ఇది విని మావారు, “యుద్ధము పోరాడినవారి నొక్కరినే యడుగదు గదా!” అని నిట్టూర్చిరి. భవనమును దరువాత మరలఁ గట్టిరి. క్రొత్తరాయి యేదో, ప్రాఁతరాయి యేదో పోల్చుకొనుట కష్టము.

కోట దాఁటి కొంచెము దూరము నడచినచో బ్రిగ్గెన్ అను వీథి వచ్చును. వారి భాషలో నా మాటకు రేవుగట్టు అని యర్థము. నీటి కెదురుగా వరుసఁదీఱి నిలిచిన కొయ్యయిండ్లు, కోసుగా లేచిన కప్పులు, ఎఱుపు, పసుపు, తెలుపు రంగులు పూసిన పలకగోడలు. నేల క్రుంగుటచేఁ గొన్ని యిండ్లు ముసలివారివలె నొకదానిమీఁద నొకటి యొఱిగియున్నవి. ఇండ్ల నడుమ సందులన్నియుఁ బలకలు పఱచినవే. అడుగు పెట్టినచో నా పలకలు మూల్గును. 1702లో నగ్నిప్రమాదము జరిగి యూరిలోఁ బెద్దభాగము కాలిపోఁగా, ఈ వీథిని మునుపటి కొలతలతోడనే తిరిగి కట్టిరి. అందుచే నేఁడు మనము చూచునవి మూఁడువందల యేండ్ల నాఁటి యిండ్లైనను, వీథి రూపము దానికంటెఁ జాల ప్రాఁతది. 1979లో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వపు జాబితాలోఁ జేర్చిరి.

సుమారు 1360 మొదలు 1754 వఱకు నీ వీథి జర్మనువర్తకుల చేతిలో నుండెను. లూబెకు మొదలగు పట్టణముల వర్తకులు కలసి యేర్పఱచుకొన్న యా కూటమికి హన్సా యని పేరు. మన హంసకును దానికిని జుట్టఱికము లేదు. ఆ మాటకు సంఘమని యర్థము. వారి వ్యాపారమంతయు నెండుచేఁప. బెర్గెనున కెంతయో యుత్తరమున లోఫోటెన్ అను దీవులు గలవు. మాఘఫాల్గుణములలో నక్కడికిఁ గాడ్ అను చేఁపలు గుంపులుగా వచ్చును. వానిని బట్టి, తలలు తీసి, జంటలుగాఁ గట్టి, కొయ్యదండెములమీఁద వ్రేలాడఁదీయుదురు. మన తూర్పుతీరమున నుప్పు చల్లి యిసుకమీఁద నెండఁబెట్టుదురు గదా! అక్కడ నుప్పు గింజయైన వేయరు. చల్లని పొడిగాలియే రెండుమూఁడు నెలలలో దానిని గట్టెవలెఁ జేయును. అట్లెండిన చేఁప యేండ్ల తరబడి చెడదు. వండుటకు ముందు సుత్తెతో మోఁది, దినములకొలఁది నీట నానఁబెట్టవలెను.

ఆ చేఁప కంత గిరాకి యేల వచ్చెనన్న, నాఁటి యూరపులో క్రైస్తవుల యుపవాసదినములు సంవత్సరమునఁ బెక్కుండెడివి. ఆ దినములలో మాంసము నిషిద్ధము, చేఁప నిషిద్ధము కాదు. ఉత్తరపు జాలరులకోఁ, దమ యూళ్లలోఁ బంట పండదు. కావున వారు చేఁపను బెర్గెనునకుఁ దెచ్చి, జర్మనువర్తకుల కిచ్చి, వారు దక్షిణమునుండి దెచ్చిన ధాన్యమును గొనిపోయెడివారు. ధాన్యము ముందుగా నప్పిచ్చి, చేఁపతోఁ దీర్పించుకొనుట వర్తకుల వాడుక. ఒకసారి యప్పు పడిన జాలరి మఱియొక వర్తకునియొద్దకుఁ బోఁజాలఁడు. ఈ పద్ధతి మన పల్లెలలోని రైతులకుఁ గ్రొత్తది గాదు.

ఈ వీథికొక నియమముండెను. అందు నివసించు వర్తకుఁడుగాని, గుమాస్తాగాని, పని నేర్చుకొనవచ్చిన బాలుఁడుగాని పెండ్లాడి కాఁపురము పెట్టఁగూడదు. ఊరి స్త్రీలతో సంబంధము కలిసినచో వ్యాపారపు గుట్టును, సొమ్మును జేజాఱునని వారి భయము. అగ్నిభయముచే నిండ్లలో నిప్పు వెలిగించుటయు నిషేధించిరి. ఇండ్ల వెనుక వేఱుగాఁ గట్టిన సభాశాలలలో మాత్రమే పొయ్యి యుండెడిది. చలికాలమున నందఱు నక్కడనే చేరి తినెడివారు, త్రాగెడివారు. పని నేర్చుకొను పిల్లలకు జదువుసంధ్యలు, దెబ్బలు గూడ నక్కడనే. ఆ శాలలు నేఁడు ప్రదర్శనశాలగా నున్నవి. పొడవైన బల్లలు, నల్లబడిన దూలములు, మూల నొక బెత్తము. పదునాలుగేండ్ల పిల్లవాఁడు తల్లిని విడిచి సముద్రము దాఁటి వచ్చి, చలిలో, చీఁకటిలో, పెట్టెవంటి మంచముమీఁద నెట్లు నిదురించెనో యని నేను దలంచుచుండఁగా మా తమ్ముఁడు, “అక్కయ్యా, నేను జర్మనీకి వచ్చిన తొలియేఁడు నా గదియు నించుమించిట్లే యుండెను సుమా!” అని నవ్వెను. ఆ మాట వఱకు వాఁడు మాకెన్నఁడు చెప్పియుండలేదు.

ఇంతదనుక విన్నదంతయు మగవారి కథ. నాలుగువందల యేండ్లు పొయ్యియు, ఇల్లాలును లేక నడచిన వీథి యిది. ఆ వర్తకుల లెక్కపుస్తకములలోఁ జేఁపల తూకమున్నది, ధాన్యపు కొలత యున్నది. ఆ చుట్టుపట్ల బ్రతికిన స్త్రీలమాట యేమి? ఆ ప్రశ్న మనసున మెదలుచుండఁగా వీథిచివరనున్న బ్రిగ్గెన్ ప్రదర్శనశాలకుఁ బోయితిమి. నే నిందాఁకఁ జెప్పిన రెండు సంగతులలో మొదటిది యక్కడఁ దెలిసినది.

1955 జులైలో నీ వీథిలో మరల నిప్పంటుకొని కొన్ని యిండ్లు బూడిదయ్యెను. కాలినచోట మరలఁ గట్టుటకు ముందు పురావస్తుశాస్త్రజ్ఞులు త్రవ్వకము మొదలిడిరి. ఆస్‌బ్యోర్న్ హెర్టెయిగ్ అను పండితుఁడు దానికిఁ బెద్ద. పదునాలుగు దినముల పనియా, రెండు నెలల పనియా? అది యేండ్ల తరబడి సాగెను. రేవునేల యెప్పుడును దడిసియుండుటచేఁ గొయ్య క్రుళ్లక నిలిచెను. చెప్పులు, దువ్వెనలు, పిల్లల యాటవస్తువులు, వానితోఁ గూడ నైదువందలకుఁ బైగా వ్రాఁత చెక్కిన కఱ్ఱపుల్లలు దొరకినవి. ఆ లిపికి రూనులని పేరు. అన్నియు నిలువుగీఁతలు, వాలుగీఁతలే. కత్తితోఁ గొయ్యమీఁద గుండ్రని గీఁత గీయుట కష్టము. మన పూర్వులు తాటాకుమీఁద గంటముతో వ్రాయుటచే, ఆకు చీలకుండ నక్షరములు గుండ్రములైనవని మనవారు చెప్పుదురు. ఇక్కడ దానికి వ్యతిరేకము. వ్రాయు వస్తువే యక్షరమునకు రూపమిచ్చును.

ఈ పుల్లలు దొరకువఱకుఁ బండితులు రూనులనఁగా రాళ్లమీఁదఁ జెక్కించిన వీరుల స్మారకములని యెక్కువగాఁ దలఁచెడివారు. ఇవి చూచిన తరువాత నా తలంపు మాఱినది. ఇందుఁ గొన్ని మూటలకుఁ గట్టిన చీట్లు: ఈ సరకు ఫలానివానిది యని. కొన్ని ప్రార్థనలు. కొన్ని ప్రేమలేఖలు. కొన్ని యక్షరములు దిద్దుకొన్నవి. సామాన్యజనులు నిత్యవ్యవహారమున 14వ శతాబ్దము వఱకు నీ లిపిని వాడుచుండిరని తేలినది.

మాకు వివరించుచున్న యువతి యప్పు డొక పుల్లను గూర్చి చెప్పెను. ఏడెనిమిది వందల యేండ్ల నాఁటిది. దానిమీఁద నున్నది యొకే వాక్యము. గీడా యను నామె చెప్పుచున్నది, నీవింటికిఁ బొమ్మని. అంతియే. పానశాలలోఁ గూర్చుండి లేవని మగని కామె పంపిన కబురని పండితులూహింతురు. వెనుకవైపున నర్థముకాని గీఁతలు కొన్ని గలవు. మత్తులో నున్నవాఁడు బదులు చెక్కఁబోయి చెక్కలేకపోయెనని కొందఱు హాస్యమాడుదురు.

మేమందఱము నవ్వితిమి. మావారును నవ్విరి. కాని నాకు నవ్వుతోఁ గూడ మఱియొక తలంపు గలిగినది. చెక్కిన చేయి యెవరిదైనను మాట యామెది. పేరును ఆమెదే. ఫలానివాని భార్య యనికాదు, గీడా యని. ఆ యూరి రాజులు రాతిభవనములు కట్టించిరి. వర్తకులు పెట్టెలు నింపిరి. ఒక యిల్లాలు విసిగి పంపిన కబురు, బహుశః చదివి పాఱవేసిన పుల్ల, వానితోపాటు నిలిచినది. మన భాగవతమున రుక్మిణీదేవి యగ్నిద్యోతనుఁడను బ్రాహ్మణునిచేఁ గబురంపినది గదా! అది రాకొమరిత కబురు, వచ్చి చేకొనుమని. ఇది సామాన్యురాలి కబురు, లేచి యింటికి నడువుమని. రెంటికి నవసరమొకటే: తన మాట తనదిగాఁ జేరవలసినచోటికిఁ జేరవలెను.

మా నాయనమ్మకు గజేంద్రమోక్షమును, రుక్మిణీకల్యాణమును మొదటినుండి తుదివఱకుఁ గంఠస్థములు. తప్పు చదివినచో మా నాయనగారిని సయితము దిద్దెడిది. నాకుఁ బద్యముల నడక చెవికెక్కినది యామె యొడిలోనే. కాని యామె కలము పట్టి యెఱుఁగదు. ఆఁడుపిల్లకు వ్రాఁత నేర్పిన నుత్తరములు వ్రాయునని యామె పుట్టింటివారు నేర్పలేదఁట. పొలము కాగితములమీఁద నామె వ్రేలిముద్రలే యున్నవి. ఆమె చెప్పిన కథలలో, సామెతలలో, మందులలో సగము నాకు మిగులలేదు. మా తాతగారి లెక్కలు మాత్రము కావిడిపెట్టెనిండ నున్నవి.

మధ్యాహ్నము వాన వెలిసినది. చేఁపల యంగడివీథిలో నడచి, దాల్చినచెక్క పొడి చల్లిన వేఁడి రొట్టెచుట్టలు కొని తింటిమి. దానికి స్కిలింగు రొట్టె యని పేరు. పూర్వమొక స్కిలింగు నాణెమున కొకటి యిచ్చెడివారఁట. తరువాత మా తమ్ముఁడును మఱదలును 1918 నుండి నడచుచున్న కొండరైలులో ఫ్లోయెన్ కొండ యెక్కిరి. మావారును నేనును మాత్రము ఊరి తూర్పుదెస నున్న సెయింటు యోర్గెన్ వైద్యశాలకుఁ బోయితిమి. అది యిప్పుడు కుష్ఠరోగచరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల. విహారమునకు వచ్చి యిదేమి కోరిక యని మఱదలు వింతపడినది. భూగోళముతోపాటు బడిలో నారోగ్యశాస్త్రముఁ గూడఁ జెప్పు మావారికది చూడవలెనని యుండెను. నేను తోడు వెళ్లితిని.

15వ శతాబ్దమునుండియుఁ గుష్ఠరోగుల కాశ్రయమైన చోటది. ఇప్పటి కొయ్యకట్టడము 1702 నాఁటి యగ్నిప్రమాదము తరువాతిది. నడుమ పొడవైన చావడి, ఇరుదెసల రెండంతస్తులలోఁ జిన్న గదులు. ఒక్కొక్క గదిలో నిద్దఱేసి రోగులుండెడివారు. ప్రక్కనే యొక కొయ్య ప్రార్థనాలయము. లోపల నడుగుపెట్టినంతనే మాటలు తమంతనే తగ్గిపోవును. ఇక్కడి కడపటి రోగులిద్దఱు 1946లో మరణించిరి. వారక్కడ నేఁబదియేండ్లకుఁ బైగా నుండిరఁట. 19వ శతాబ్దపు నడుమ నార్వే పడమటితీరమున నీ రోగమధికము. బెర్గెనులోనే మూఁడు కుష్ఠవైద్యశాలలుండెను. 1856 నుండి దేశమంతట రోగుల పేర్లు పట్టికకెక్కించిరి. ఆ కాగితములను 2001లో యునెస్కోవారు ప్రపంచస్మృతి జాబితాలోఁ జేర్చిరి.

ఈ రోగము వంశపారంపర్యముగా వచ్చునని నాఁటి పెద్దవైద్యులు నమ్మెడివారు. బెర్గెను వైద్యుఁడగు గెర్హార్ద్ ఆర్మవర్ హాన్సెను 1873లో రోగుల గడ్డలనుండి తీసిన పదార్థమును సూక్ష్మదర్శినిలోఁ జూచి, కఱ్ఱలవంటి సూక్ష్మజీవులను గనుఁగొనెను. మనుష్యులకు దీర్ఘరోగము కలిగించు సూక్ష్మజీవులలో మొట్టమొదట గుర్తింపఁబడినవానిలో నిది యొకటి. పూర్వజన్మపాపము కాదు, రక్తదోషము కాదు, ఇది సూక్ష్మజీవిచే వచ్చు వ్యాధి యని తెలుపుట లోకమున కాయన చేసిన మహోపకారము. అందులకే యీ రోగమును హాన్సెనువ్యాధి యనియు నందురు.

ఇదే వైద్యుని మఱియొక కథయే నే ననిన రెండవ సంగతి. సూక్ష్మజీవియే రోగకారణమని నిరూపింపవలయునన్నచో దానిని మఱియొక ప్రాణికెక్కించి చూపవలెను. జంతువులలో నది ఫలింపలేదు. 1879లో హాన్సెను, బెర్గెనులోని మఱియొక కుష్ఠవైద్యశాలలోనున్న కారి నీల్స్‌దత్తర్ అను రోగిణి కంటిలో, వేఱొక రోగి గడ్డనుండి తీసిన పదార్థమును సూదితో నెక్కించెను. ఆమెకుఁ జెప్పలేదు. ఆమె నడుగలేదు. ఆమె పేదరాలు. ఇంటికి దూరమై, వైద్యుల దయమీఁద బ్రతుకుచున్నది. ఆయన యా దేశమున కంతటికిఁ బేరుపొందిన వైద్యుఁడు. అయినను ఆమె యూరకుండలేదు. మాట బయటికి వచ్చినది. 1880లో వ్యవహారము బెర్గెను న్యాయస్థానమున కెక్కినది. అనుమతి యడుగలేదని హాన్సెను తానే యొప్పుకొనెను. న్యాయస్థానమాయన నా వైద్యశాలలోని పదవినుండి తొలఁగించినది. దేశపు కుష్ఠరోగాధికారిపదవి మాత్రమాయనకు నిలిచినది.

ఆయన విద్యకుఁ జేయవలసిన నమస్కారము మనము చేయవలసినదే. ఆయన కనుఁగొనిన సత్యముచే నెన్నియో లక్షలమంది బాగుపడిరి. కాని యా సత్యము కొఱకుఁ గారి కంటిని దీసికొనుట కామె యనుమతి కావలెనని యా న్యాయస్థానము పలికినది గదా! రోగియైనను, దరిద్రయైనను, స్త్రీయైనను, ఆమె దేహమామెది. అది 1880 నాఁటి మాట. ఆ దేశమున స్త్రీల కింకను వోటు లేదు. 1913లోఁ గాని యచ్చటి స్త్రీలందఱకు నది రాలేదు.

ఇది దూరదేశపు కథయని పుట త్రిప్పకుఁడు. మా పొరుగింటి యిల్లాలి కొకరికి ముప్పదియైదవ యేఁట నొక పట్టణపు వైద్యశాలలో గర్భసంచి తీసివేసిరి. కాగితముమీఁద సంతకము మగఁడు చేసెను. “ఇది తీయక కుదురదా? మందులతో నయము కాదా?” యని యడుగుట కామె కెవరు నవకాశమీయలేదు. ఆమెయు నడుగలేదు. నేఁడు నడుమునొప్పితో, ఎముకల బలహీనతతో నిల్లు నడపుచున్నది. “నన్నెవరడిగిరమ్మా?” యని యామె యనిన మాట నాకు సెయింటు యోర్గెన్ చావడిలో జ్ఞప్తికి వచ్చినది.

మన దేశమునను న్యాయము పలుకకపోలేదు. సమీరా కోహ్లీ యను నామె వ్యాజ్యమున 2008లో మన సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. పరీక్షకు మాత్రమే యొప్పుకొని మత్తుమందులో నున్న యామెకు, తల్లి యనుమతితో గర్భసంచిని, అండకోశములను దీసివేసిరి. తెలివిగల వయోజనురాలగు స్త్రీకి బదులుగాఁ దల్లి యిచ్చిన యనుమతి చెల్లదని, ప్రాణాపాయము తప్పించుటకుఁ దప్పనప్పుడు తప్ప, ఒకదాని కిచ్చిన యొప్పుకోలు మఱియొకదానికిఁ బనికిరాదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. తల్లికే లేని యధికారము భర్తకు రాదు గదా! కావున వైద్యశాలలోఁ గాగితము చేతికిచ్చినప్పుడు మూఁడు ప్రశ్నలడుగుఁడు: ఏమి చేయుదురు? ఎందులకు? చేయనిచో నేమగును? చదువనిదే సంతకము చేయకుఁడు. భాష తెలియనిచోఁ జదివించుకొనుఁడు. తొందర యని వారనినను, ప్రాణాపాయము లేనప్పుడు మఱియొక వైద్యుని యభిప్రాయము తెలిసికొనుటకు మీకు హక్కు గలదు.

కుష్ఠరోగమును గూర్చియు నాలుగు మాటలు. మన తెలుగునేలపై నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో, ఇసబెల్ కెర్ అను స్కాట్లాండు వైద్యురాలు 20వ శతాబ్దపుఁ దొలిభాగమున నీ రోగులకై వైద్యశాల నెలకొల్పి సేవచేసినది. ఆమె నాఁటికి లేని మందులు నేఁడున్నవి. ప్రపంచమునఁ గ్రొత్తగా బయటపడు రోగులలో సగముకంటె నెక్కువమంది మన దేశమువారే. చర్మముమీఁదఁ బాలిపోయిన లేక యెఱ్ఱని మచ్చ వచ్చి, అచ్చట స్పర్శ తెలియకున్నచో దాఁచకుఁడు. ప్రభుత్వవైద్యశాలలో మందులుచితముగా నిత్తురు. రోగవిధమునుబట్టి ఆఱు నెలలు లేక పండ్రెండు నెలలు విడువక పుచ్చుకొన్నచో నయమగును. మందు మొదలిడినంతనే యితరులకంటు భయము దాదాపు తొలఁగును. ఆలస్యమైనచో వ్రేళ్లు వంకరపోవుట మొదలగు కీడులు కలుగును.

ఈ రోగము వచ్చినదని భార్యను విడిచిపెట్టుటకు మన చట్టమే 2019 వఱకు దారి యిచ్చినదని మీలో నెందఱెఱుఁగుదురు? హిందూవివాహచట్టము మొదలగు కొన్ని వివాహచట్టములలోఁ గుష్ఠరోగము విడాకులకుఁ గారణముగా నుండెను. 2019లోఁ జేసిన సవరణతో దానిని దొలఁగించిరి. నయమగు జబ్బునకుఁ గాఁపురము చెడఁగొట్టుట యింక న్యాయము గాదు. మీ చుట్టుపట్ల నెవరైన నట్లు బెదరింపఁబడుచున్నచో నీ సంగతి వారికిఁ దెలుపుఁడు.

సాయంకాల మైదు గంటలకు మరల నోడ యెక్కితిమి. మా తమ్ముఁడు కొండమీఁదనుండి తీసిన ఛాయాచిత్రములు తన ఫోనులోఁ జూపెను. ఏడు కొండలు, నీరు, బొమ్మరిండ్లవలె బ్రిగ్గెన్ వీథి, మిక్కిలి యందముగా నున్నవి. మావారు మాత్రము చిన్నపుస్తకములోఁ గారి పేరు వ్రాసికొనుచుండిరి. “పిల్లలకు హాన్సెను పేరు చెప్పునప్పు డీ పేరును జెప్పెదను,” అనిరి.

నేను మాకుఁ దెలిసిన ముసలమ్మల పేర్లు వ్రాయుట మొదలిడితిని. ఎవరికేమి తెలియునో యని. చేమకూర నారుకొఱకు నిలువచేయు విధము మా పెద్దత్తగారికిఁ దెలియును. మా పినతల్లికి నలుబది పెండ్లిపాటలు వచ్చును. ఆమెకు డెబ్బదియేడేండ్లు. మీ యిండ్లలోను నిట్టివారుందురు. వారిచేఁ జెప్పించి, వారి పేరుతో, తేదితో నోటుపుస్తకములో వ్రాయుఁడు. వ్రాయుట రానివారికి సంతకమైన నేర్పుఁడు. మా పినతల్లి పాటలలోఁ గొన్నింటిని వచ్చు మాసమున నీ శీర్షికలోఁ బ్రకటించుట కామె యొప్పుకొన్నది. అడిగియే ప్రకటించుచున్నాను.